నల్లజెండా మీద ఒక తెల్లగీత

ఆదివారం వస్తే నిరుపమ తన తాతను చంపినందుకు చప్పట్లు కొట్టేది.

మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి, జరిగింది అదే. ఆక్లండ్ నార్త్ షోర్‌లో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న నౌకాదళ మ్యూజియంలో ఆమె వాలంటీరు గైడు. అక్కడ పిల్లల కోసం ఒక ఆట పెట్టారు. పెరిస్కోపు గొట్టంలోకి కన్ను పెట్టి చూస్తే తెర మీద బూడిదరంగు సముద్రం, దాని మీద నెమ్మదిగా పోతున్న సరుకు ఓడ కనిపిస్తాయి. అదను చూసి ఎర్ర బొత్తాం నొక్కితే టార్పెడో దూసుకుపోతుంది. ఓడ రెండు ముక్కలై మునుగుతుంది. అప్పుడు పక్కన నిలబడ్డ గైడు "డైరెక్ట్ హిట్!" అని గట్టిగా అరిచి చప్పట్లు కొట్టాలి. గైడులకు ఇచ్చిన శిక్షణలో అలాగే చెప్పారు. పిల్లలు ఎగిరి గంతేస్తారు, తల్లిదండ్రులు ఫోటోలు తీసుకుంటారు, వెనక వరసలోవాళ్ళు ముందుకు జరుగుతారు. మళ్ళీ అదే ఓడ బయలుదేరుతుంది.

ఆ ఓడ ఎవరో ఊహించి గీసింది కాదు. పక్క గోడ మీద బోర్డులో దాని కథ ఉంది. 1944 అక్టోబరులో ఒక తేదీ, మలక్కా జలసంధి, తెల్లవారుజాము, దీపస్తంభం కనుచూపుమేరలో, ఒకే టార్పెడో, మూడు వేల టన్నుల శత్రు రవాణా ఓడ. ఆ ఓడ అడుగున నిరుపమ తాత అప్పలనాయుడు ఉన్నాడు. ఆయనతోపాటు మలయా రబ్బరు తోటల నుంచి జపాన్ సైన్యం పట్టుకుపోయిన కూలీలు ఉన్నారు. బోర్డు మీద టన్నులు ఉన్నాయి. మనుషులు లేరు.

ఈ సంగతి తెలిశాక కూడా ఒక చలికాలం, ఒక వేసవి ఆమె ఆ ఆట పక్కనే నిలబడి చప్పట్లు కొట్టింది. నోరెత్తలేదు. పరాయి దేశంలో బతికేవాళ్ళకు ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. ఆఫీసులో మొదటిరోజు "నీ పేరు పెద్దగా ఉంది, నిరు అంటే చాలు కదా?" అని అడిగినప్పుడు నవ్వి తలూపుతామే, అక్కడే మొదలవుతుంది.

నిరుపమది విశాఖపట్నం. తండ్రి పేరు సింహాచలం. ఆయన పోర్టులో ఖలాసీగా గొలుసులూ తాళ్ళూ లాగి ఆమెను ఇంజనీరింగు చదివించాడు. పెళ్ళైన కొత్తలో భర్త మహేంద్రతో కలిసి బీచ్ రోడ్డులో ఒడ్డుకెక్కించిన జలాంతర్గామి చూడటానికి వెళ్ళింది. మహేంద్ర ఇనప తలుపుకి తల కొట్టుకుని పది నిమిషాల్లో బయటపడ్డాడు. ఆమె మాత్రం ఆ ఇరుకు మంచాల మధ్య, గడియారాల్లాంటి ఆ కొలత పరికరాల మధ్య తిరుగుతూ ఎంతకీ బయటకు రాలేదు. "నన్ను కాదు, దీన్ని చేసుకోవాల్సింది" అన్నాడట అతను.

తరవాత న్యూజీలాండ్ వచ్చారు. ఆల్బనీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగు ఉద్యోగం, అక్కడికి దగ్గరలోనే ఇల్లు, ఇక్కడే పుట్టిన కూతురు లాస్య. అమ్మ పోయాక సింహాచలం కూడా వాళ్ళ దగ్గరికే వచ్చేశాడు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి.

మ్యూజియంలో నిరుపమ చెప్పే కథ వినడానికి జనం ఆగిపోయేవారు. బ్రిటిష్ నౌకాదళం జలాంతర్గాముల్ని మొదట ఎంత చిన్నచూపు చూసిందో ఆమె చెప్పేది. అది దొంగచాటు ఆయుధమనీ, దొరికిన సిబ్బందిని సముద్రపు దొంగల్లా ఉరితీయాలనీ ఒక పెద్ద అడ్మిరల్ అన్నాడని చెబుతారు. ఆ మాటను వెక్కిరించడానికే మొదటి ప్రపంచయుద్ధంలో ఒక జలాంతర్గామి శత్రునౌకను ముంచి తిరిగొస్తూ పుర్రె బొమ్మ ఉన్న నల్లజెండా ఎగరేసింది. అది ఆచారమైపోయింది. రెండో యుద్ధం నాటికి సిబ్బంది తమ జెండా తామే కుట్టుకునేవారు. ముంచిన యుద్ధనౌకకు ఎర్రగీత, సరుకు ఓడకు తెల్లగీత. రేవులోకి వచ్చేటప్పుడు ఆ గీతలన్నీ కనబడేలా ఎగరేసేవారు.

అలాంటి జెండా ఒకటి ఈ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. ఇక్కడి కుర్రాడొకడు బ్రిటిష్ జలాంతర్గామిలో చేరి, ట్రింకోమలీ స్థావరం నుంచి మలక్కా దాకా తిరిగి, యుద్ధం అయ్యాక దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన పోయాక కూతురు మార్గరెట్ మ్యూజియానికి ఇచ్చింది. పిల్లలాడే ఆట, ఆ బోర్డు, అన్నీ ఆ జెండా చుట్టూ కట్టినవే.

పోయిన ఏడాది ఒక ఆదివారం ఇంట్లో తోచడంలేదని సింహాచలం కూతురితోపాటు మ్యూజియానికి వచ్చాడు. ఫిరంగులు, లంగర్లు చూస్తూ చూస్తూ జెండా దగ్గర ఆగాడు.

"ఆ తెల్లగీతలేటమ్మీ?"

"ముంచిన సరుకు ఓడలు నాన్నా. ఒక్కోదానికి ఒక్కోటి."

"ఎక్కడ ముంచీసినారు?"

నిరుపమ బోర్డు చదువుతూ తెలుగులో చెప్పింది. ఆయన వింటూ వింటూ పక్కనున్న బల్ల మీద కూర్చుండిపోయాడు.

"మళ్ళీ సెప్పు. తెల్లారగట్లా? దీపం మేడ కనపడతాదా?"

"అవును. ఒకటే టార్పెడో అని ఉంది."

"కన్నయ్య సెప్పిందీ అదేనమ్మీ."

కన్నయ్య పేరు నిరుపమకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సింహాచలం పుట్టింది మలయాలోని రబ్బరు తోటలో. ఏడాది పిల్లాడిగా ఉండగా సైనికులు వచ్చి తోటలోని మగవాళ్ళను రైలుదారి పనికని లారీలెక్కించారు. పెనాంగ్ రేవులో ఓడ అడుక్కి దింపి, పైన పలకలు వేసి, వాటి మీద టార్పాలిన్ కట్టారు. కూలీల ఇళ్ళ పక్క వరసలో ఉండే కన్నయ్యను మాత్రం సైనికులకు వంట చేయడానికి పైనే ఉంచారు. అందుకే అతను బతికాడు. విరిగిన చెక్క పట్టుకుని తేలి, ఎలాగో తోటకు తిరిగొచ్చి అప్పలనాయుడి భార్యకు చెప్పాడు. తెల్లవారుతుండగా, దీపస్తంభం కనిపిస్తుండగా, ఒకే దెబ్బ. కింద నుంచి పలకల్ని గుద్దిన చప్పుడు మాత్రం అతను చచ్చేదాకా మరచిపోలేదట. ఓడ పేరు అతనికి తెలియదు. తేదీ తెలియదు. వానలు పడుతున్న నెల, అంతే. ఆ ఇల్లాలు యుద్ధం అయ్యాక పిల్లాణ్ణి చంకనేసుకుని విశాఖ చేరింది.

తేదీ తెలియకపోతే తిథి ఉండదు. తిథి లేనివాళ్ళందరికీ మహాలయ అమావాస్య ఒక్కటే రోజు. ఊరూపేరూ లేని పెద్దలందరితో కలిపి అప్పలనాయుడికీ ఆ రోజే విస్తరి వేసేవారు. మొదట భార్య, తరవాత కొడుకు.

ఆ సాయంత్రం లాస్య బోర్డు మీది తేదీకి తిథిని ఫోనులో వెతికి, "తాతా, దొరికింది. ఆశ్వయుజ బహుళ దశమి. కరెక్టుగా అన్నానా?" అంది.

"నువ్వన్నాక తప్పేటి, కరెక్టే" అన్నాడు సింహాచలం. కాసేపటికి మళ్ళీ అన్నాడు. "సంపినోడు లెక్క రాసుకున్నాడు కాబట్టి నాకు తిథి దొరికింది. సూసినావా ఇసిత్రం?"

ఆ ఏడు అక్టోబరులో, జీవితంలో మొదటిసారి, సింహాచలం తన తండ్రికి ఆయన తిథి రోజునే తద్దినం పెట్టాడు. పరమాన్నం, గారెలు వండించాడు. కాకులు లేని ఊరు కదా, పెరట్లో ముద్ద పెడితే మైనాలు వాలాయి. "వీటి తలైనా నల్లగానే ఉందిలే" అని లాస్య అంటే ముసలాయన నవ్వాడు. ఆ మధ్యాహ్నం ఆయన ముఖం చూసి నిరుపమకు ఒక కోరిక పుట్టింది. ఆ బోర్డు మీద ఒక్క వాక్యం ఉంటే చాలు. 'ఈ ఓడ అడుగున కూలీలు ఉన్నారు.' తండ్రి బతికుండగా ఆ వాక్యాన్ని గోడ మీద చూపించాలి. అయినా నెలల తరబడి నోరు రాలేదు.

ఈ ఏడాది మ్యూజియం వాళ్ళు ఆ గదిని కొత్తగా అమర్చబోతున్నారు. సూచనలుంటే రాయమని వాలంటీర్లను అడిగారు. నిరుపమ రాసింది. ఎలా రాసిందో చెప్పాలి, ఎందుకంటే మునిగింది అక్కడే.

పాతికేళ్ళుగా ఆమె చేసేది తప్పులు పట్టే పని. ప్రోగ్రాములో తప్పు కనబడితే టెస్టరు ఒక పద్ధతిలో రాస్తాడు. ఉన్నదేమిటి, ఉండాల్సిందేమిటి, తీవ్రత ఎంత, నిర్ధారణ అయ్యిందా లేదా. మళ్ళీ మళ్ళీ చేసి చూపించలేని తప్పును నిర్ధారణ అయ్యిందని రాస్తే ఆ వృత్తిలో మర్యాద పోతుంది. తీవ్రత ఎక్కువని రాస్తే అవతలివాళ్ళకు కోపం వస్తుంది. చేతికి అలవాటైన ఆ తీరులోనే ఆమె రాసింది. ఉన్నది: ఓడ బరువు. ఉండాల్సింది: లోపల మనుషులున్నారన్న ఒక వాక్యం. తీవ్రత: తక్కువ. ఆధారం: కుటుంబం చెప్పుకున్నది, నిర్ధారణ కాలేదు.

మహేంద్ర చదివి తలెత్తాడు. "తాత చావుకి సివియారిటీ తక్కువని పెట్టావా?"

"హై అని పెడితే గొడవ మనిషిని అనుకుంటారండి. చిన్న మార్పే అంటే చేసేస్తారు."

"బగ్ కాదు నిరూ అది."

"నాకు తెలుసండి. వాళ్ళకి తెలియాలి కదా."

మ్యూజియం చూసుకునే గ్రేమ్ నౌకాదళంలో పనిచేసి రిటైరైన మంచి మనిషి. చదివి, ఆమె భుజం తట్టి, "ఇన్నాళ్ళూ చెప్పలేదేం నిరు? నువ్వు ఆ ఆట దగ్గర నిలబడి... నాకు ఎలాగో ఉంది" అన్నాడు. ట్రస్టు సభ్యుల ముందు పెడతానన్నాడు. అయితే జెండా ఇచ్చిన మార్గరెట్ ఒప్పుకోవాలి, వెనక ఎవరైనా నిలబడితే ఇంకా మంచిది అన్నాడు.

వెనక నిలబడటానికి మనవాళ్ళున్నారు కదా అనుకుంది నిరుపమ. తెలుగు సంఘం అధ్యక్షుడు కృష్ణచైతన్యకు ఫోను చేసింది.

"అక్కా, చాలా టచింగ్‌గా ఉంది" అన్నాడు అతను. "కానీ ఇప్పుడు వద్దు. ఉగాదికి మినిస్టర్‌గారిని పిలుస్తున్నాం. నేవీ, వార్, ఇవన్నీ సెన్సిటివ్ కదా."

"ఒక్క సంతకం చైతన్యా. ఒకే ఒక్క వాక్యం గురించి."

"వాళ్ళ దేశానికొచ్చి వాళ్ళ హీరోని తప్పు పడుతున్నామని అనుకుంటే? మన పిల్లలు ఇక్కడ పెరగాలి అక్కా."

"ఓడలో ఉన్నది మీ తాతైతే?"

"మా తాత తాసిల్దారు అక్కా" అన్నాడు, నవ్వుతూ.

చెడ్డవాడేం కాదు. అదే బాధ. కూలి తాతల కథ కూలి మనవలదే, తాసిల్దారు మనవలకు అక్కర్లేదు. సముద్రాలు దాటి వచ్చినా ఆ గీత మాత్రం చెరగలేదు.

మార్గరెట్ ఇంటికి నిరుపమ తండ్రిని తీసుకెళ్ళింది. మార్గరెట్ ఎనభైకి దగ్గరపడిన మనిషి, పొడుగ్గా, వీపు నిటారుగా ఉంది. తోటలో తేనెటీగల పెట్టెలు. టీ పోసి, స్కోన్ రొట్టెలు వడ్డించి, అంతా విన్నది. విన్నాక, "మా నాన్న ఈ పెట్టెల దగ్గరే ముసలివాడయ్యాడు. ఈగ నీళ్ళలో పడితే వేలు పెట్టి తీసేవాడు. మీరు అడిగే మాట గోడ మీద పడితే, రేపు అక్కడికొచ్చిన ప్రతి పిల్లాడూ ఆయన్ని హంతకుడంటాడు" అంది.

నిరుపమ తెలుగులో చెప్పింది. సింహాచలం కప్పు కింద పెట్టాడు.

"ఆయనది తప్పని నాననట్లేదమ్మా. ఆ గొట్టంలోంచి సూత్తే ఓడ కనపడతాది గానీ మడిసి కనపడడు. ఆయన కుర్రోడు. సెప్పిన పని సేసినాడు. అయితే ఇప్పుడు మీరు గొట్టంలోంచి సూడక్కర్లేదు కదా."

నిరుపమ ఇంగ్లీషులోకి మార్చింది. మీ నాన్నగారి తప్పేం లేదంటున్నారు, ఆయన చిన్నవాడు, ఆజ్ఞ పాటించాడు. అక్కడితో ఆపేసింది.

సింహాచలం కూతురి వైపు తిరిగాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, కానీ పోర్టులో నలభై ఏళ్ళు దొరల మాటలకు తెలుగు చెప్పే మేస్త్రీలను చూసినవాడు. "ఆకరి మాట సెప్పలేదమ్మీ."

"నాన్నా..."

"సెప్పు."

చెప్పింది. మార్గరెట్ కిటికీలోంచి పెట్టెల వైపు చూస్తూ కూర్చుంది. తరవాత గొంతు పెంచకుండా అంది: "ఆ వాక్యం గోడ మీద పడిన రోజు మా నాన్న జెండా మా ఇంటికి వచ్చేస్తుంది. గ్రేమ్‌కి కూడా అదే చెబుతాను. నన్ను క్షమించండి."

వెళ్ళేటప్పుడు ముసలాయన చేతిలో ఒక తేనె సీసా పెట్టింది. ఆయన వద్దనలేదు. కారులో ఇంటిదాకా దాన్ని ఒళ్ళోనే పట్టుకున్నాడు. "ఆవిడకీ నాన్నే కదమ్మీ" అన్నాడు, అంతే.

ట్రస్టు తీర్పును గ్రేమ్ స్వయంగా చెప్పాడు. మ్యూజియం వంటగదిలో, కళ్ళల్లోకి చూడకుండా.

"ఆ తీరంలో ఆ నెలలో ఇంకా ఓడలు మునిగాయి నిరు. మీ తాత ఉన్నది దీనిలోనే అనడానికి ఆధారం లేదు. నిర్ధారణ కాలేదని నువ్వే రాశావు. తీవ్రత తక్కువని కూడా నువ్వే రాశావు. సభ్యులు దాన్నే పట్టుకున్నారు."

"మా తాత పేరు వద్దు గ్రేమ్. మనుషులున్నారని రాయండి చాలు."

"ఈ ఓడలో ఉన్నారని ఎలా తెలుసు?"

"లేరని ఎలా తెలుసు?"

జవాబుకు బదులు గ్రేమ్ ఇంకో ప్రతిపాదన తెచ్చాడు. దీపావళి సమయంలో మ్యూజియంలో ఒక రోజు, సముద్ర ప్రయాణాల భారతీయ వంటకాలు, సమోసాలు, చిన్న స్టాలు. ఖర్చు వాళ్ళదే. "మీ సమాజానికి గుర్తింపు" అన్నాడు. నిజంగా మంచి మనసుతోనే అన్నాడు.

ఆధారం అడిగేవాళ్ళు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. తోటల కంపెనీ ఈ కూలీలను జీతాల లెక్క కోసం తప్ప ఎన్నడూ రాసుకోలేదు. ఓడెక్కించిన సైన్యం సంచుల్లా ఎక్కించింది. ముంచిన జలాంతర్గామి ఓడను రాసుకుంది, లోపలివాళ్ళను కాదు. బతికుండగా ఎవరి కాగితంలోనూ లేని మనిషి చచ్చాక కాగితంతో రావాలట. ఇది చరిత్ర పరిశోధన కాదు. తలుపు మూసేసి తాళంచెవి అడగడం.

ఆ తరవాత నిరుపమ చప్పట్లు ఆపేసింది. బొత్తాం నొక్కిన పిల్లాడు తిరిగి చూస్తే ఊరికే నిలబడేది. రెండు మూడు వారాలకు ఎవరో తల్లి, గైడు ముభావంగా ఉంది, పిల్లలు నిరాశపడుతున్నారు అని రాసింది. మ్యూజియం వాళ్ళు నిరుపమను ఏమీ అనలేదు. ఆటలోనే చప్పట్లు రికార్డు చేసి పెట్టారు. ఇప్పుడు ఓడ మునగ్గానే తెరలోంచి పెద్ద గుంపు కేరింత వినిపిస్తుంది. మనిషి అవసరం లేదు. ఆమె వెళ్ళడం మానేసింది. ఎందుకు రావడంలేదని ఎవరూ ఫోను చేయలేదు.

ఈ ఏడు అక్టోబరు వచ్చింది. దశమికి ముందురోజు నిరుపమ మినప్పప్పు నానబోసింది. సింహాచలం వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"వద్దులే అమ్మీ. పప్పు తీసీ."

"రేపు తాతగారి తిథి కదా నాన్నా."

"ఆ ఓడ కాదంతన్నారు కదా, ఈ నెలంతా అదే ఆలోసించినాను. ఇంకెవరో పోయిన రోజు మనం వాడుకోకూడదు. పాపం."

"కాదనలేదు నాన్నా. రుజువు లేదన్నారు, అంతే."

"మనలాటోళ్ళకి రెండూ ఒకటే." ఆయన గొంతులో కోపం కూడా లేదు. "అమావాస్యకే పెడదాం, ముందులాగే."

నిరుపమ గిన్నె కింద పెట్టింది. మహాలయ అమావాస్య వెళ్ళి నెల కావస్తోంది. తాతకు తనదంటూ ఒక తిథి దొరికింది కదా అని ఈసారి ఆ రోజు పెట్టలేదు.

"అమావాస్య అయిపోయింది నాన్నా."

సింహాచలం వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఎనభై ఏళ్ళలో మొదటిసారి అప్పలనాయుడికి ఏ రోజునా విస్తరి పడని సంవత్సరం ఇది.

"వచ్చే ఏడు పెడదాం లే" అన్నాడు ఆ ముసలాయన.

చదివిన మీకు ఒక పని చెబుతున్నాను, జాలిపడి ఊరుకోకండి. మలయాకో, బర్మాకో, రంగూనుకో వెళ్ళి తిరిగిరాని మనిషి మీ ఇంటి కథల్లో ఉంటే, తెలిసిన పెద్దవాళ్ళ పక్కన ఇవాళే కూర్చోండి. పేరు, ఊరు, తోట, రేవు, ఏం గుర్తుంటే అది వాళ్ళ గొంతుతోనే ఫోనులో రికార్డు చేయండి. 'నిర్ధారణ కాలేదు' అని మీకు మీరే రాసుకోకండి. మీరు ఏ దేశంలో ఉన్నా, ముంచిన ఓడల గురించి గొప్పగా చెప్పుకునే మ్యూజియం కనబడితే లోపలికి వెళ్ళి, లోపల ఎవరున్నారని పైకి వినబడేలా అడగండి. తెలియదంటే, తెలియదనే బోర్డు మీద రాయమనండి. మీ సంఘాల్లో ఉగాది ఏర్పాట్ల మధ్య ఈ ఒక్క విషయానికి పది నిమిషాలు ఇప్పించండి. ఒక్కరు అడిగితే అది ఒక కూలి మనవరాలి సొంత గోడు అవుతుంది, పక్కకు నెట్టేస్తారు. వందమంది అడిగితే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది. దయచేసి అడగండి.